మాగాయ జాడీ

అచ్యుతాంబ గారిని ఎవరేం అడిగినా ముందు చేపల తొట్టె దగ్గర పని చెబుతారు. తణుకులో ఆవిడ ఇంటి వసారాలో ఉన్న ఆ గాజుతొట్టెలో బజార్లో కొన్న బొమ్మ ఒక్కటీ కనబడదు. అంచు విరిగిన పూలకుండీ, గోదావరి గులకరాళ్ళు, పిడి ఊడిన పింగాణీ కప్పు. అన్నీ వేడినీళ్ళతో కడిగి, నానబెట్టి, చేపలకి హాని లేదని తేలాకే లోపలికి వెళ్ళినవి. వేదాంతం చెప్పించుకుందామని వచ్చినవాళ్ళు గులకరాళ్ళు తోముతూ కూర్చోవలసిందే.

భూషణమూ అలాగే కూర్చున్నాడు. టెలిఫోన్ స్తంభాలెక్కి ఎక్కి రిటైరైన మనిషి. భార్య మాణిక్యం పోయి ఏడాది దాటింది. "అమ్మా, పోయిన మనిషి మీద ఈ బెంగ ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?" అని అడిగాడు. ఆవిడ తొట్టెలో మూలకి నక్కిన నల్లచేపని చూపించారు. మిగతావి తరిమి తరిమి దాని తోక చింపేశాయి. అది దాక్కునే కొబ్బరిచిప్ప కుళ్ళిపోతే తీసేశారట.

"దీనికో గూడు కావాలి నాయనా. మీ ఇంట్లో ఏదైనా ఉందేమో చూడు," అన్నారు.

మర్నాడు భూషణం హుషారుగా ఓ చిన్న పింగాణీ జాడీ తెచ్చాడు. మాణిక్యం చివరిసారి మాగాయ పెట్టిన జాడీ అది. పచ్చడి ఎప్పుడో అయిపోయింది. అయినా కడగలేదు. రోజూ పొద్దున్నే మూత తీసి, ఓసారి వాసన పీల్చి, మళ్ళీ గట్టిగా మూసేసేవాడు. పిచ్చి మారాజు, అదే అతని పూజ! ఇక తొట్టెలో కళ్ళెదురుగా ఉంటుంది కదా అని మురిసిపోయాడు.

అచ్యుతాంబ గారు జాడీని అటూ ఇటూ తిప్పి చూశారు. "బీట లేదు, పెచ్చు ఊడలేదు, బాగానే ఉంది. కానీ లోపల ఉప్పూ కారం నూనే అలాగే ఉన్నాయి. ఇలా పెడితే చేప సాయంత్రానికి తేలుతుంది. కడగాలి. సబ్బూ కుంకుడురసం మాత్రం తగలనివ్వకు, చేపకి అవీ విషమే."

భూషణం జాడీ వెనక్కి లాక్కున్నాడు. "కడిగేస్తే ఇంకేం మిగులుతుందమ్మా నాకు?" అని జాడీ చంకన పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు.

వెళ్ళాడన్న మాటే గానీ, చేప కళ్ళలో మెదులుతూనే ఉంది. మూత తీసి వాసన పీలుద్దామంటే ఆ చిరిగిన తోకే గుర్తొస్తోంది. ఉండబట్టలేక మళ్ళీ వచ్చాడు. చూస్తే ఉన్న తోకలో సగం లేదు.

"మీరే కడిగేయండమ్మా, నేను చూడలేను," అని జాడీ ఆవిడ చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు.

ఆవిడ కడగలేదు. వంటింట్లోంచి పొగలు కక్కే అన్నం తెచ్చి జాడీలో వేశారు. "ఏమిటలా చూస్తావు? అయిపోయిన జాడీలో వేడన్నం కలపకుండా ఎవరైనా కడుగుతారా? కలుపు."

భూషణం వేళ్ళు లోపల పెట్టాడు. గోడలకంటిన కారం, ఊట అంతా అన్నానికి పట్టింది. జాడీ ఖాళీ అయిన రోజున మాణిక్యం ఏటా ఇలాగే కలిపి, మొదటి ముద్ద అతని చేతిలో పెట్టి, "అసలు రుచి ఇదీ, మీకేం తెలుసు!" అనేది. ఇన్నాళ్ళూ తినకుండా దాచుకున్నది ఇదా అనుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మెతుకు మిగలకుండా తిన్నాడు.

తరవాత తనే పెరట్లో కూర్చుని రాళ్ళుప్పుతో, కొబ్బరిపీచుతో తోమాడు. వేడినీళ్ళు పోశాడు. వాసన పూర్తిగా పోయేదాకా రోజూ నీళ్ళు మార్చి నానబెట్టాడు. ఆఖరికి తొట్టె అడుగున పక్కకి పడుకోబెట్టాడు. నల్లచేప చుట్టూ తిరిగి, మూతి పెట్టి చూసి, లోపలికెళ్ళింది. కాసేపటికి బయటికొచ్చి, మేత తిని, మళ్ళీ వెళ్ళింది.

భూషణం చూస్తూ నిలబడ్డాడు. జాడీ మూత ఇంకా అతని చేతిలోనే ఉంది.

"బెంగ పోలేదమ్మా," అన్నాడు.

"పొమ్మని నేనెప్పుడన్నాను నాయనా?" అన్నారు అచ్యుతాంబ గారు. "ఆ మూత మాత్రం ఇంటికి పట్టుకెళ్ళకు."