బటన్ నిలిచింది, హంసలు పోయాయి

వకుళకి ఇరవై తొమ్మిదేళ్లు. ఒకసారి చేసిన పని మళ్లీ చేయదు. కడిగిన గ్లాసు ఎవరైనా ఇంకోసారి కడిగితే నవ్వుతుంది. "మా అత్తయ్యకి పనేముంటుంది మేడమ్, మంచినీళ్ల బిందె ఎప్పుడు చూసినా నిండే ఉంటుంది" అని గురువు హైమవతి దగ్గర చాలాసార్లు అంది కూడా.

చీరాలలో మగ్గం నేసే ఆడవాళ్ల సంఘం కోసం ఆమె చీర అంచులు గీసే ప్రోగ్రాం రాసింది. తెర మీద ఒక పక్క రంగుల బటన్లు, రెండో పక్క గీసుకోవడానికి ఖాళీ చోటు. మధ్యాహ్నం సంఘంవాళ్లు చూడటానికి వస్తున్నారు. నచ్చకపోతే వకుళ మొదటి సొంత పని అక్కడితో సరి. పొద్దున్నే హంసల అంచు గీసి, విండోని కాస్త పెద్దది చేసింది. బటన్లు ఉన్నాయి. హంసలు లేవు.

"ఏముందమ్మా," అన్నాడు పక్క సీటు శేషగిరి, "గీశాక విండో కదపొద్దని చెప్పెయ్. ఆడవాళ్లే కదా, వింటారు." ప్రోగ్రాంలో తప్పుంటే, దాన్ని వాడే ఆడవాళ్లని దిద్దాలన్నది ఆయన పద్ధతి.

వకుళ హైమవతి దగ్గరికి పరిగెత్తింది. "మేడమ్, బటన్లు నిలిచాయి. నా హంసలే ఎందుకు పోయాయి?"

హైమవతి అడగ్గానే జవాబు చెప్పే మనిషి కాదు. "బటన్ తనని తాను గీసుకునే చోట ఒక గంట పెట్టు. గీసుకున్నప్పుడల్లా మోగాలి."

వకుళ పెట్టింది. విండో మూల పట్టుకుని లాగింది. గంట మోగింది. ఇంకాస్త లాగితే మళ్లీ మోగింది. ఆపకుండా లాగేసరికి రేకుల మీద వాన పడ్డట్టు గది నిండా మోత. మౌస్ బాణం ఊరికే బటన్ మీదుగా పోయినా ఒకసారి మోగింది. పొద్దుట్నుంచి కదలక మెదలక కూర్చుందనుకున్న ఆ బటన్, విండో కదిలి తెర చెరిగినప్పుడల్లా తనని మళ్లీ గీసుకుని, ఏమీ ఎరగనట్టు అక్కడే ఉంది. వకుళ చేయి మౌస్ మీదే ఆగిపోయింది.

"నువ్వు ఒక్కసారి గీసి లేచిపోయావు" అంది హైమవతి.

"అంటే ప్రతి గీతా గుర్తు పెట్టుకుని, తెర పిలిచినప్పుడల్లా మళ్లీ గీయాలా? ఎన్నిసార్లని?"

"పిలిచినన్నిసార్లు." ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది. "మీ ఇంటి బిందెకి ఎప్పుడైనా గంట కట్టి చూశావా?"

మధ్యాహ్నం సంఘంవాళ్లు విండోని ఎటు లాగినా హంసలు నిలిచాయి. ఆ ఆదివారం వకుళ అత్తయ్యని కూర్చోబెట్టి, వీధి కొళాయి నుంచి బిందె తన మొగుడి చేత మోయించింది.