గండపెండేరం చెప్పిన తీర్పు

పద్మగిరి రాజు అనపోత భూపతికి ఉన్నట్టుండి ఒక ముచ్చట పుట్టింది. షిరాజు నుంచి వచ్చిన బెహ్రూజ్ అనే పారశీకుడి సంతూర్ వాద్యం వినాలట. నచ్చితే ఆస్థానంలో కొలువు, లేదంటే మరునాటి ఓడకే తిరుగు ప్రయాణం. తీర్పు చెప్పేది ఆస్థాన విద్వాంసుడు వల్లభయ్య. ఎలుకకు పిల్లి సాక్ష్యమన్నమాట.

"పుల్లలతో తంతుల్ని కొడితే అది సంగీతమా, దూదేకడమా?" అని ఆయన అప్పుడే ఊరంతా చాటేశాడు.

బెహ్రూజ్ దిగులుగా సభ గుమ్మం దగ్గర కూలబడ్డాడు. అక్కడ చెప్పులు కాసే పోలయ్యకు జాలేసింది.

"ఈ విద్య నీకెలా అబ్బిందయ్యా?"

బందరులో ఏడాది ఉండి నేర్చిన తెలుగులో బెహ్రూజ్ చెప్పాడు. "చిన్నప్పుడు పిల్లల్ని కచేరీకి రానిచ్చేవారు కాదు. తెర కింద దూరి వినేవాణ్ణి. అక్కణ్ణుంచి కాళ్లే కనిపించేవి. పాట బాగుంటే, ముఖం బిగించుకున్నవాళ్ల కాలు కూడా ఆడేది. ఎందుకలా అని ఆలోచించీ ఆలోచించీ నేనే వాయించడం మొదలెట్టాను."

పోలయ్య తిన్నగా రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, తీర్పు చెప్పే పెద్దకు ముందుగా సత్కారం చెయ్యాలి కదా. వల్లభయ్యగారి కాలికి మువ్వల గండపెండేరం తొడిగిస్తే సభకు నిండుగా ఉంటుంది."

మహాపండితుల కాలికి తొడిగే ఆ బంగారు కడియం కోసం వల్లభయ్య పదేళ్లుగా కలలు కంటున్నాడు. వద్దంటాడా? కాలు చాపి మరీ తొడిగించుకున్నాడు.

బెహ్రూజ్ మొదట తన దేశపు పాట ఎత్తుకున్నాడు. వల్లభయ్య ఆవులించాడు. ఆ పాటలోంచే బెహ్రూజ్ మెల్లగా, బందరు ఆడవాళ్లు వడ్లు దంచుతూ పాడే పాటలోకి దిగాడు. ఎంత బాగుందని! సభలో చీమ చిటుక్కుమనలేదు.

ఘల్, ఘల్, ఘల్.

మువ్వలు మాత్రం లయ తప్పకుండా మోగుతూనే ఉన్నాయి.

పాట ముగిసింది. వల్లభయ్య మీసం దువ్వుకున్నాడు.

"లయ లేదు, రసం లేదు. నాకేమీ అనిపించలేదు ప్రభూ."

గుమ్మం దగ్గర పోలయ్య చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు.

"మరి ఇంతసేపూ తాళం వేసింది ఎవరి కాలండీ?"

సభ గొల్లుమంది. రాజుకు నవ్వీ నవ్వీ కళ్ల నీళ్లొచ్చాయి. వల్లభయ్య తన కాలికేసి చూసుకున్నాడు. ముందు ముఖం కందగడ్డ అయింది, తర్వాత ఆయనకే నవ్వాగలేదు.

"మా అమ్మ పాడేది ప్రభూ ఈ పాట. విని ముప్పై ఏళ్లయింది," అంటూ గండపెండేరం ఊడదీసి, బెహ్రూజ్ కాలికి తనే తొడిగాడు.

రాజు పారశీకుడికి అక్కడికక్కడే కొలువిచ్చాడు. తన జరీ చెప్పులు విడిచి పోలయ్య ముందు పెట్టాడు. పోలయ్య అలవాటు కొద్దీ వాటిని తీసి గుమ్మం పక్కన సర్దబోయాడు.

"కాపలాకి కాదురా," అన్నాడు రాజు నవ్వుతూ. "తొడుక్కో."