గవ్వలమ్మ తల్లి వీపు

ఈ చిన్న పుస్తకం అట్ట మీద అమ్మవారి పేరు కంటే కూర్చినవారి పేరు కాస్త పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. అది వినయం వల్ల జరిగినదే. లోపల తప్పులు దొర్లితే భక్తులు అమ్మవారిని కాక, నేరుగా ఆ మనిషినే పట్టుకోవడానికి వీలుగా ఉండాలని ఆయన ఉద్దేశం.

ఊటగట్టు గవ్వలమ్మ గుడికి రెండు వాకిళ్ళు. తూర్పు వాకిలి నుంచి అమ్మవారి ముఖం కనిపిస్తుంది. పడమటి వాకిలి నుంచి వీపు కనిపిస్తుంది. రద్దీ ఎప్పుడూ వీపు వైపే. కొంగున పిండిముద్ద కట్టుకుని వచ్చినవారు ఒకరినొకరు తోసుకుంటూ, "జరగమ్మా, నా పిండి ఎండిపోతోంది" అని అరుస్తూ ఉంటారు. అక్కడ ఎవరూ ఒక్కచోట నిలబడలేరు. కొత్తగా వచ్చినవారు ఇది గుడా, పిండివంటల పందిరా అని తికమక పడతారు. వారి కోసమే ఈ కథ.

పూర్వం ఈ గట్టు కింద పేరయాచారి అనే వడ్రంగి ఉండేవాడు. నాగలి చెయ్యమంటే చేసేవాడు గాని, మనసంతా వంటింటి మీదే. ఆడవాళ్ళు తరతరాలుగా వాడుతున్న గరిటెలూ కవ్వాలూ చూస్తే అతనికి జాలి వేసేది. వాటిని ఎవరూ బాగుచెయ్యలేదే అని చేతులు దురదపెట్టేవి. కూర్చుని కూరలు తరుగుతూనే పొయ్యి ఊదుకోవచ్చునని ఊదుగొట్టానికి వంపు తిప్పాడు. బూడిద తిరిగి ఊదినవారి నోట్లోకే వచ్చింది. కాలితో తొక్కితే తిరిగే కవ్వం చేశాడు. మజ్జిగ గోడకు అంటింది, వెన్న దూలానికి అంటింది. పాలు పొంగితే మోగేలా మూతకు గిలక కట్టాడు. అది పాలు పొంగినప్పుడు తప్ప మిగతా అన్ని వేళలా మోగేది.

అతని భార్య కోటరత్నం ఇవన్నీ సహించింది. ఆమె గవ్వలు వత్తి, వేయించి, బెల్లం పాకం పట్టి శనివారం సంతలో అమ్మేది. ఇల్లు గడిచేది దానితోనే. ఆమె దగ్గర అమ్మమ్మనాటి గవ్వల చెక్క ఒకటి ఉండేది. అరచేతి వెడల్పున సన్నని గీతలు చెక్కిన పలక. దాని మీద పిండి ఉండ పెట్టి బొటనవేలితో నొక్కి లాగితే చారలతో సహా గవ్వలా చుట్టుకునేది. ఆ ఒక్క చెక్క జోలికి రావద్దని ఆమె భర్త చేత ఒట్టు వేయించుకుంది.

ఒట్టు అతనికి గుర్తుంది. కాని గీతలు ఇంకొంచెం లోతుగా ఉంటే గవ్వ ఇంకెంత అందంగా వస్తుందో అన్న ఆలోచన కూడా గుర్తుంది. ఆమె నీళ్ళకు వెళ్ళినప్పుడు ఉలి పట్టాడు. చెక్క గీత వెంబడి నిలువునా రెండుగా చీలిపోయింది.

ఆ పూట కోటరత్నం అన్నం వడ్డించి, విస్తరికి అటొక ముక్క, ఇటొక ముక్క పెట్టింది.

"సంతలోపు దీనికి సాటివచ్చేది తెస్తే సరే. లేకపోతే మా అన్నయ్య ఇంట్లో పొయ్యి ఉంది, చెక్క ఉంది. బాగుచేస్తానని వాటి మీద చెయ్యిపెట్టే మనిషే లేడు" అంది.

పేరయాచారి టేకుతో ఒకటి, వేపతో ఒకటి చెక్కాడు. ఒకదాని మీద పిండి అంటుకుపోయింది, ఒకదాని మీద జారిపోయింది. నిద్ర లేదు, తిండి లేదు. కాలుగాలిన పిల్లిలా గట్టంతా తిరిగాడు. అక్కడ మేకలు కాసే ఎర్రన్న అతని అవస్థ చూసి నవ్వాడు.

"గీతలా ఆచారీ? అదిగో ఆ రాతికున్నాయి. నా మేకలన్నీ వీపు దురదపెడితే దానికే రుద్దుకుంటాయి. వాటినడిగి పట్టుకుపో."

మట్టిలో సగం కూరుకున్న పలకరాయి. పైన అల్లిక వేసినట్టు సన్నని గీతలు. పేరయాచారి దానిని పెకలించి, పైవైపు కడిగి ఇంటికి మోసుకొచ్చాడు. అడుగున అంటుకున్న మట్టిని పట్టించుకోలేదు. పనికివచ్చే వైపు పైనే ఉంది కదా!

కోటరత్నం అపనమ్మకంగానే ఒక ఉండ పెట్టి లాగింది. గవ్వ చుట్టుకుని చేటలోకి దొర్లింది. మరొకటి. మరొకటి. ఆమె ముఖంలో నవ్వు కనిపించింది. కట్టిన బట్టల మూట విప్పేసింది.

అక్కడితో ఆగిపోతే ఈ గుడి లేదు. కాని పేరయాచారికి ఆ రాయి నేల మీద పడి ఉండటం నచ్చలేదు. వంటింటి సామాను అన్నాక గోడకు వేలాడాలి. ఆమె సంతకు వెళ్ళగానే రాతి పైభాగాన రంధ్రం తొలిచి, మేకుకు తగిలించాడు. తన పనితనం చూసుకుని తానే మురిసిపోయాడు.

ఆనాటి నుంచి ఆ ఇల్లు కుదురుగా లేదు. గాలి లేకుండానే రాయి మేకు మీద ఊగేది. ఉట్టి మీది కుండలు ఒకదానికొకటి తగిలేవి. గవ్వలు చక్కగా చుట్టుకునేవి గాని, నూనెలో పడగానే విచ్చుకుని అప్పడాల్లా పరుచుకునేవి. సంతలో కొన్నవాళ్ళు, "ఏమ్మా రత్నం, గవ్వలకు కూడా ఇస్త్రీ పెడుతున్నావా?" అని ఎగతాళి చేశారు. ఆమె ఇంటికొచ్చి భర్త వైపు చూసింది. అతను పైకప్పు వైపు చూశాడు.

ఒక మధ్యాహ్నం కునుకులో అతనికి ఒక ముసలమ్మ కనిపించింది. వీపంతా పిండి. ఒక్కచోట నిలవకుండా అటూ ఇటూ పచార్లు చేస్తోంది.

"ముక్కు కుట్టావు, పుడక ఏదిరా? పైగా ముఖం గోడకు పెట్టించి వేలాడదీస్తావా? ఎన్నాళ్ళుగానో బోర్లా పడి వీపు దురదతో చచ్చిపోతున్నాను. మేకలు రుద్దుతుంటే కాస్త నయంగా ఉండేది. నీ పెళ్ళాం చెయ్యి అంతకంటే హాయి. ఆమె చెయ్యి తీసిందంటే మళ్ళీ మొదలు. నన్ను గట్టు మీద తిన్నగా నిలబెట్టు. వీపు మాత్రం మూసెయ్యకు" అంది.

ఉలిక్కిపడి లేచి రాయి దింపాడు. అడుగువైపు మట్టి గీకితే కళ్ళు, పెదవులు, ముక్కు బయటపడ్డాయి. తాను తొలిచిన రంధ్రం సరిగ్గా ఎడమ ముక్కుపుటానికి ఉంది.

అతనికి రెండు భయాలు పట్టుకున్నాయి. అమ్మవారి భయం ఒకటి. దానికి మించినది ఇంకొకటి. ఈ సంగతి చెబితే రత్నం ఇక ఆ రాతి మీద పిండి పెట్టదు. చెక్క లేదు, రాయి లేదు, రేపు భార్య కూడా ఉండదు. చెప్పకపోతే అమ్మవారు ఊరుకోదు. చెబుదామని వంటింటి గడప దాకా వెళ్ళి, మంచినీళ్ళు అడిగి తిరిగివచ్చేవాడు. అలా కడుపు నిండిపోయేదాకా తాగాడు.

చివరకు కోటరత్నమే రాయి తిప్పి చూసింది.

"అమ్మవారి వీపు మీద నా చేత పిండి వత్తించావా!" అని చెంపలు వేసుకుంది. ఆ చేతులతోనే మూట కట్టింది. కబురందుకుని ఆమె అన్న బంగారయ్య బండి తోలుకుని వచ్చాడు.

"బావా, ఈసారి ఏం బాగుచేశావు?" అని అడిగాడు.

పేరయాచారి బండి చక్రం పట్టుకుని కల మొత్తం చెప్పేశాడు, ముసలమ్మ తిట్లతో సహా. కోటరత్నం బండిలోంచే అడిగింది.

"ఆవిడ వత్తమందా, వద్దందా?"

"వత్తమంది. నీ చెయ్యి హాయిగా ఉందంది."

"నిజంగా అందా? ఇదీ నీ తయారీయేనా?"

జీవితంలో అతను చేసిన ఏ వస్తువూ అతని తరఫున సాక్ష్యం చెప్పేలా లేదు. "నా మాట నమ్మకు. నూనె కాచి చూడు" అన్నాడు.

ఆమె దిగింది. రాయిని గోడకు ఏటవాలుగా ఆనించి, ముఖం ఇవతలికి తిప్పి నిలబెట్టింది. వెనక సందులో చెయ్యి పెట్టి, "తల్లీ, తప్పయితే నా చెయ్యి పట్టుకో" అని ఒక్క ఉండ వత్తింది. ఉట్టి మీది కుండల చప్పుడు ఆగిపోయింది. చాలా రోజుల తరువాత ఆ ఇంట్లో పొయ్యిలో చితుకులు కాలే శబ్దం వినిపించింది. గవ్వ నూనెలో వేసింది. అది విచ్చుకోలేదు. బంగారయ్య దానిని ఊదుకుంటూ తిని, ఎద్దులను విప్పేశాడు.

కోటరత్నం రెండే మాటలు చెప్పింది. గుడి కట్టేటప్పుడు వెనకవైపు కూడా వాకిలి ఉండాలి. ఆ వాకిట్లో ఆచారి అడుగుపెట్టకూడదు. అతను ఒప్పుకున్నాడు. ముక్కుపుడక మాత్రం తానే చేసి పెట్టాడు. ఏ గిలకా లేదు, ఏ వంపూ లేదు. ఉత్త పుడక. దానిని పెట్టాక మళ్ళీ తాకలేదని చెబుతారు. ఆ తరువాత తన వంకర ఊదుగొట్టాన్నీ తొక్కుడు కవ్వాన్నీ తెచ్చి గుడి మండపంలో మేకులకు తగిలించి దణ్ణం పెట్టాడు.

ఆ ఆచారం నేటికీ నడుస్తోంది. ప్రతి శనివారం మొదటి గవ్వలు అమ్మవారి వీపు మీదే వత్తుతారు, వాటినే నైవేద్యం పెడతారు. ఇంట్లో మాటామాటా వచ్చిన దంపతులు ఆ గవ్వలు చెరిసగం తింటే దారిలోనే మాట కలుస్తుందని నమ్మకం. మండపం గోడల మీద వెల్లుల్లి పొట్టు తీసే రబ్బరు గొట్టాలు, తాడు లాగితే ఉల్లిపాయలు తరిగే డబ్బాలు, గుడ్డులో పచ్చసొన వేరుచేసే చెంచాలు వరసగా వేలాడుతూ ఉంటాయి. ముచ్చటపడి కొని, ఒక్కపూట వాడి, ఇంట్లో తిట్లు తిన్నవారు వాటిని ఇక్కడ సమర్పించుకుని తేలికపడి వెళతారు. ఇక్కడ మేకు ఎప్పుడూ ఖాళీ ఉండదు. తెచ్చేవారు మేకు కూడా తెచ్చుకోగలరు.

పేరయాచారి వంశంలోని మగవారు ఇప్పటికీ పడమటి వాకిలి దాటరు. ఈ పుస్తకం కూర్చినవాడు ఆ వంశంవాడే. కథ అంతా అతనికి కంఠతా వచ్చు, అడిగినవారికీ అడగనివారికీ చెబుతాడు. కాని బాగా పనిచేస్తున్న వస్తువును చూసి చేతులు కట్టుకుని ఊరుకోవడం మాత్రం అతనికి ఇంతవరకూ రాలేదు.