పైడమ్మ కోళ్లకు జరిమానా

"ఒసేయ్ పైడీ! నీ కోళ్ల కడుపులో నట్టపురుగులు నా కోళ్లకీ అంటించావు కదే! జరిమానాగా నీ పది కోళ్లూ నా దొడ్లో పడాల్సిందే!"

పెత్తందారు గవర్రాజు కేక వీధి చివరిదాకా వినిపించింది. గుడ్లమ్ముకుంటేనే కదా పైడమ్మ పొయ్యి వెలిగేది! అయినా తొణక్కుండా కోళ్ల గంప నెత్తినెట్టుకుని ఆయన దొడ్లోకి వెళ్లింది.

"అయ్యగారూ, వీటిని మీ కోళ్లలోనే వదిలెయ్యమంటారా?"

"ఆగాగు! పురుగులున్న కోళ్లని నా వాటిలో కలుపుతావా?"

"ఉన్నాయంటే మీ దొడ్డికే చేటు. లేవంటే, మరి నాకు జరిమానా దేనికండీ?"

గవర్రాజు గంప ఇంటికి తీసుకుపొమ్మని చెయ్యి విదిలించాడు. గుమ్మంలోంచి అంతా వింటున్న ఆయన భార్య పకపకా నవ్వేసింది.

"ముందు మన దొడ్లో పెంట ఎత్తించండి, పురుగులు పుట్టింది అందులోనే. నువ్వు రావే పైడీ, అన్నం తిందువుగాని!"

అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. కోడికూర ఊసు మాత్రం ఆ పూట ఎవరూ ఎత్తలేదు.