ఒకే ఒక్క మోమో

మా వీధిలో తెలివి తక్కువైన వాళ్ళు లేరు, ఎక్కువైన వాళ్ళే ఉన్నారు. అందులోనూ గవర్రాజుకీ, అతని జతగాళ్ళు పైడయ్యకీ బంగారయ్యకీ అది మరీ పొంగి పొర్లిపోయేది. తల దువ్వుకుంటే దువ్వెనకి అంటుకుని ఎక్కడ ఊడొచ్చేస్తుందో అని దువ్వుకోవడమే మానేశారు. నవ్వకండి, నేనూ ఆ వీధివాణ్ణే. నా దువ్వెన ఇప్పటికీ కొత్తదే.

గవర్రాజు చెల్లెలు నూకరత్నం వీధి చివర మూడు బల్లలేసి హోటలు పెట్టింది. 'చైనా, జపాను, అనకాపల్లి వంటలు కలిపి వండబడును' అని బోర్డు. నూడుల్స్ మీద ఉలవచారు పోసేది, మోమోల్లో గోంగూర రొయ్యలు కూరేది. తిన్నవాళ్ళు లొట్టలేసేవారు. తినడానికే ఎవరూ వచ్చేవారు కారు. ఇల్లుగలాయన దక్షిణామూర్తిగారు చూసి చూసి, "శనివారం వచ్చి రుచి చూస్తానమ్మా. నచ్చితే సరే, లేకపోతే ఖాళీ చేసెయ్యి. సెల్‌ఫోన్ల కొట్టువాడు అడుగుతున్నాడు," అనేశారు.

నూకరత్నం అన్న దగ్గరికి పరిగెత్తింది. "అన్నియ్యా, ఖాళీ బల్లలు చూస్తే ఎవరికైనా ఆకలి చచ్చిపోద్ది. నీ జతగాళ్ళని తీసుకొచ్చి కూచో. మొహమాటం వద్దు, మీ ఇల్లే అనుకోండి."

చెల్లెలంటే గవర్రాజుకి ప్రాణం. ఇంత పెద్ద పనికి తన తెలివినే నమ్ముకుందని కళ్ళు చెమర్చాయి. ఆమె మాట పొల్లు పోనివ్వకూడదని ఇద్దరి చేతా ఒట్టు వేయించాడు.

శనివారం సాయంత్రం ముగ్గురూ వచ్చారు. మీ ఇల్లే అనుకోమంది కదా! అంతే, చొక్కాలు విప్పి మేకుకి తగిలించారు. బల్లలు గోడకి నెట్టేసి, చాప పరిచి, కాళ్ళు బారజాపుకుని కూచున్నారు. "ఇంట్లో కుర్చీలెక్కి తింటామేటి?" అన్నాడు పైడయ్య.

నూడుల్స్ తెచ్చిన నూకరత్నం ఆ అవతారాలు చూసి నోరు నొక్కుకుంది. పోనీలే, మనుషులంటూ ఉన్నారు కదా అనుకుంది. "ఈ పుల్లల్తో తినాలి, చెయ్యి మాత్రం పెట్టకండేం. ఈ ఎర్ర పచ్చడి నాలిక్కి తగిల్తే కళ్ళంట నీళ్ళొచ్చీవాలి మరి!" అని మురిసిపోతూ వంటింట్లోకి వెళ్ళింది.

చెయ్యి పెట్టొద్దంటే పుల్లలు పట్టుకునేదెలా? బంగారయ్య బాగా ఆలోచించి పళ్ళతో కరిచిపట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ అంతే. ముగ్గురూ ఒక్కసారి పళ్ళేల మీదికి వంగేసరికి బుర్రలు ఠంగుమన్నాయి. ఎలాగో పచ్చడి నాకారు. బ్రహ్మాండంగా ఉంది. కళ్ళంట మాత్రం చుక్క నీరు రాలేదు.

గవర్రాజు ఇద్దరి భుజాలూ పట్టి ఊపేశాడు. "చెల్లి మాట పోతాదిరా! ఏడవండి!"

పైడయ్య చచ్చిపోయిన తన గేదెని తలుచుకున్నాడు. బంగారయ్యకి గేదె లేదు, అందుకని పైడయ్య గేదెనే తలుచుకున్నాడు. ఇంకేముంది, ముగ్గురూ గొల్లుమన్నారు. అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన కొత్త దంపతులు, "అయ్యో, ఎవరో పోయినట్టున్నారు," అనుకుని గుట్టుచప్పుడు కాకుండా వెనక్కి తిరిగారు.

వాళ్ళ వెనకే దక్షిణామూర్తిగారు వచ్చారు. గవర్రాజు ఆయన్ని ఎప్పుడూ చూసి ఎరగడు.

"ఎవరు కావాలండీ?"

"భోంచెయ్యడానికొచ్చాను."

"బాగుందండీ వరస! భోజనాలవేళకి పరాయి కొంపలో జొరబడిపోడవేనా?"

"పరాయి కొంపేమిటయ్యా? ఈ ఇల్లు నాది!"

"మాదండి. మా చెల్లే అనుకోమంది."

అంతే, ముగ్గురూ కలిసి ఆ పెద్దమనిషిని ఎంతో మర్యాదగా వీధిలోకి గెంటి గడియ పెట్టారు.

గడియ చప్పుడికి నూకరత్నం మోమోల పళ్ళెంతో పరిగెత్తుకొచ్చి, కిటికీలోంచి చూసి నెత్తి బాదుకుంది. "నా కొంప ముంచీసేవు అన్నియ్యా! ఆయనే ఇల్లుగలాయన! ఒక్కటి, ఒక్క మోమో ఆయన నోట్లో పడితే చాలును, నా హోటలు నిలబడిపోద్ది!" అని కూలబడి ఏడ్చింది.

ఈ ఏడుపు గేదె కోసం కాదని గవర్రాజుకి కూడా తెలిసిపోయింది. పళ్ళెం లాక్కుని, చొక్కా లేకుండానే వీధినపడి పరిగెత్తి, సందు మలుపులో ఆయన్ని పట్టుకున్నాడు. కేకలు పెడదామని ఆయన నోరు తెరిచారు. అంతే, మోమో లోపల!

దక్షిణామూర్తిగారు మింగలేక కక్కలేక నమిలారు. కాస్త నమిలాక కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకాస్త నమిలాక మూసుకుపోయాయి. "ఆహా! ఏం గోంగూరయ్యా! ఏం రొయ్యలయ్యా! ఏదీ, ఇంకోటి పెట్టు."

గవర్రాజు పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు. "ఒక్కటి చాలందండి మా చెల్లి."

"ఖాళీ చెయ్యమని అననయ్యా బాబూ! ఇంకొక్కటి పెట్టు!"

"మాట తప్పలేనండి," అని గవర్రాజు పరుగు లంకించుకున్నాడు. వెనకాలే దక్షిణామూర్తిగారు పంచె ఎగ్గట్టి పరుగు. గవర్రాజు హోటల్లో దూరి గడియ పెట్టాడు. ముగ్గురు స్నేహితులూ తలుపుకి వీపులు ఆనించి నిలబడ్డారు. బయట దబదబా బాదుడు. "అమ్మా నూకరత్నం, తలుపు తియ్యి తల్లీ! ఇంకొక్క మోమో!"

నూకరత్నం ఏడుపు ఆపి గడియ మీదికి దూకబోయింది. గవర్రాజు ఆమెకి అడ్డం నిలబడి, రొప్పుతూ, గర్వంగా అన్నాడు.

"భయపడకు చెల్లీ! మేం ముగ్గురం ప్రాణాల్తో ఉండగా ఆయన్ని లోపలికి రానిస్తామేటి?"