తోడుగౌరి వాకిట కూర్చున్న కథ

పూర్వము శ్రుతశీలుడను ముని దయానిధియను మునిని చూచి, ఓ మహాత్మా, పొట్ట చేతబట్టుకొని వలస వచ్చినవారిని రాజభటులు తరుముచుండగా, దేవుని కొలుచు గృహస్థులు ఆచరింపదగిన వ్రతమేది యని యడిగెను. అంతట దయానిధి యిట్లు చెప్పెను.

సువర్ణపురమున కామాంబ యను ఇల్లాలు కలదు. ఆమె తొమ్మండుగురు ముత్తైదువులను కూడగట్టుకొని, మూడు శుక్రవారములు తోడుగౌరి నోము పట్టెను. భక్తికి లోటు లేదు. మడి సంగతి మాత్రము అడుగవలదు. ఆమె మడి కట్టినదన్న పిల్లి సైతము పక్కింటికి పోయెడిది.

ఆ పురమునకే కరవుసీమ నుండి సింగన, అతని భార్య మంగి పసిబిడ్డతో వచ్చి, గోడలకు సున్నము వేసి బ్రతుకుచుండిరి. అంతలో, రాజముద్ర లేని వలసవారిని పొలిమేర దాటింపుడని ఆజ్ఞ వెలువడెను. భటులు సింగనను చెరలో పెట్టిరి. పది యిండ్లవారు సభకు వచ్చి ఇతడు మావాడన్న విడుతురు. లేనిచో మూడవ శుక్రవారమున ఏటి ఆవలికి తోలుదురు.

మొదటి శుక్రవారము మంగి బిడ్డనెత్తుకొని వచ్చి, సాక్ష్యమునకు రమ్మని కామాంబను వేడుకొనెను. ఆమె తలుపు తీయకయే, “మడిలో ఉన్నానే మంగీ, ముట్టుకోకు. రేపు చూద్దాంలే” అనెను. మర్నాడు ఆ ఊసే మరచెను. నైవేద్యపు పాలు విరిగెను. రెండవ శుక్రవారమును మంగి వచ్చెను, ఈమె అటులే పలికెను. దీపము కొండెక్కెను, పాడియావు వట్టిపోయెను, గాదెలోని ధాన్యము పుచ్చెను. ఏమి అపచారము జరిగెనో తెలియక, ఆ పిచ్చితల్లి మడి మరింత గట్టిగా కట్టెను.

మూడవ శుక్రవారము పూజలో కనులు మూయగా గౌరి కనబడి, “నీవు పిలిచినప్పుడెల్ల వచ్చితినమ్మా. వాకిట మంగి ఏడ్చుచు కూర్చుండెను. దానిని విడిచి లోనికెట్లు వత్తును? దాని పక్కనే కూర్చుంటిని” అనెను. కామాంబ గుండె నీరయ్యెను.

మడిచీరతోనే వీధిని బడి, తొమ్మండుగురిని వెంటబెట్టుకొని మంగి గుడిసెకు పోయెను. బిడ్డను తన చంకనెత్తుకొనెను. అందరును సభకు నడిచిరి. వీరు మీకేమగుదురని అధికారి యడిగెను.

“మన గుడిగోడలకు సున్నం వేసిన చేతులు బాబూ అవి. మనవాళ్లు కాక ఇంకెవరవుతారు?” అని కామాంబ పలికెను. పదుగురును వరుసగా తమ యింటిపేర్లు చెప్పిరి. అంతలో బిడ్డ కామాంబ మడిచీర తడిపెను. మంగి హడలిపోయి చేతులు చాచెను. కామాంబ బిడ్డను ఇయ్యక, “ఉండనీవే, గౌరమ్మకు అభిషేకమైంది” అని నవ్వుచునే యేడ్చెను. అధికారి మొగము పక్కకు త్రిప్పుకొని సింగనను విడువుడనెను.

కామాంబ యింట ఆవు చేపెను, గాదె నిండెను. సింగన దంపతులు ముద్ర బడసి ఆ పురముననే సుఖముండిరి.

ఈ నోము గుడికి పోవువారెల్ల నోచవలెను. తమ తాతలు వలస వచ్చిన మాట మరచినవారు తప్పక నోచవలెను. వలస కుటుంబమునకు అన్నము పెట్టి, సభకు తోడు నడిచిన గాని ఉద్యాపన కాదు. నోచిన యింట పాడిపంటలు నిలుచును, విడిన ఆలుమగలు కలియుదురు, బిడ్డలు తండ్రి చేయి పట్టుకొని నడుతురు. కథ విన్నవారు అక్షతలు ముందుగా పరాయి బిడ్డ తలపై వేసి, మిగిలినవి తమ తలపై వేసుకొనవలెను.