నేల కింద రాజుది, నేల పైన కోనప్పది

కంబాలపాడు అనే ఒకానొక రాజ్యాన్ని ప్రచండభూపాలుడు ఏలేవాడు. తన నోటివెంట వచ్చిన మాటకు తిరుగులేదని ఆయనకు మహా గర్వం. ఏ మాటన్నా సరే, వెంటనే ఊరూరా దండోరా వేయించేవాడు.

ఒకనాడు ఆస్థాన సిద్ధాంతి అంజనం వేసి చూసి, తాపీమేస్త్రి కోనప్ప ఇంటి పునాది కింద నిధి ఉందని చెప్పాడు. రాజు కోనప్పను సభకు పిలిపించాడు.

"ఏమోయ్, నీ ఇంటి పునాది తవ్విస్తున్నాం!"

కోనప్ప ఆ పునాది తీసి నలభై ఏళ్లయింది. పగలంతా కోటగోడకు రాళ్లు మోసి, పొద్దువాలే వేళకు వచ్చి, తనూ భార్య సుంకులమ్మా తమ ఇంటికి గుంట తవ్వుకునేవారు. తను పార వేస్తే ఆమె తట్ట ఎత్తేది. అలసట తీర్చుకుంటూ గుంటలోనే కూర్చుని, "ఇది వంటిల్లు, ఇది నడవ" అని వేలితో గీసి చూపేది. ఆమె పోయి మూడేళ్లు.

"ప్రభూ, పునాది కదిలితే గోడలు నిలవవు. ఈ వయసులో మళ్లీ కట్టుకోలేను."

"నేల పైన ఉన్నది నీది, మేం ముట్టుకోం. నేల కింద ఉన్నది రాజుది. ఇదే మా శాసనం!"

కోనప్ప చేతులు జోడించాడు. "ధర్మప్రభువులు. ఆ మాటే దండోరా వేయిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది."

రాజు పొంగిపోయి అప్పటికప్పుడే వేయించాడు.

మర్నాడు భటులు గోడ వెంబడి మొలలోతు గుంట తీశారు. గడ్డపార పోటు పడ్డప్పుడల్లా అరుగు మీది కోనప్ప ఉలిక్కిపడ్డాడు. చివరికి ఈశాన్య మూల, పునాదిరాయి పక్కన, మూత వేసిన మట్టిముంత కనబడింది. కబురు విని రాజూ సిద్ధాంతీ పరుగున వచ్చారు. వీధి వీధంతా మూగింది.

"ఎత్తండి పైకి!" అన్నాడు రాజు.

కోనప్ప గట్టు మీద తన తుండుగుడ్డ పరిచాడు. "ఇక్కడ పెట్టమనండి ప్రభూ. నేల పైకి వచ్చాక అది నాదే కదా!"

"ముంత రాజుగారిది!" అని గుడ్లురిమాడు సిద్ధాంతి.

"కింద ఉన్నంతసేపూ రాజుగారిదే స్వామీ. అక్కడే ఉంచుకుని అనుభవించమనండి. నేను వేలైనా పెట్టను."

జనం నోళ్లకు చేతులు అడ్డుపెట్టుకున్నారు. మాట వెనక్కి తీసుకుందామంటే దండోరా అందరూ విన్నదే. రాజు చేసేదిలేక పట్టుపంచె ఎగ్గట్టి, గుంటలోకి దిగి, ముంత మూత తీశాడు. ఒక పసుపుకొమ్ము, గుప్పెడు నవధాన్యాలు, రెండు సన్నని వెండి గాజులు. అంతే! సిద్ధాంతి మెల్లగా జనంలోకి జారుకున్నాడు.

కోనప్ప గట్టు మీంచి వంగి గాజులను చూశాడు.

"ధాన్యం నేనే వేశాను ప్రభూ. గాజుల సంగతి నాకు తెలియదు. పునాదిలో ఇంత లోహం వేయాలంటారు. మన దగ్గర ఏముంది, వదిలేద్దాం అన్నాను. ఆ వారమే సుంకులమ్మ తన పెళ్లిగాజులు ఏటిలో జారిపోయాయని చెప్పింది. నేను... తిట్టాను కూడా."

రాజు ఆ మట్టిచేతులతోనే గాజులు పట్టుకుని పైకి ఎక్కాడు. "పైకి వచ్చాయి. నీవే, తీసుకో."

కోనప్ప వాటిని కళ్లకద్దుకుని, చాలాసేపు చూసి, తిరిగి ఇచ్చాడు. "ఇంటికని ఇచ్చింది, ఇంటి కిందే ఉండనివ్వండి. కింద ఉన్నవి ఏలినవారివి కనుక, ఇకనుంచీ కాపలా కూడా ఏలినవారిదే!"

రాజు పకపకా నవ్వాడు. "నిధికని వస్తే నన్నే కావలివాణ్ణి చేశావు కదయ్యా!" అంటూ తన శాలువా తీసి అతని భుజాన కప్పాడు. కోట తాపీపనులన్నిటికీ పెద్దమేస్త్రిగా ఉండమన్నాడు.

భటులు ముంతను దాని చోట పెట్టి, గుంట పూడ్చి, దిమ్మిసలతో మట్టి గట్టిపరిచేదాకా రాజు కదల్లేదు. అరుగు మీద కోనప్ప పక్కనే కూర్చుని, "అయితే కోనప్పా, సుంకులమ్మది ఏ ఊరు?" అని అడిగాడు.